సర్వరు ఆగే ముందు చెప్పవలసిన మాట: వ్యవసాయ సలహా వెబ్‌సైట్లలో అంతరాయ ప్రకటన

సారాంశం

వాతావరణ సూచనలు, చీడపీడల హెచ్చరికలు, మార్కెట్ ధరలు నేడు వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌ల ద్వారా రైతులకు చేరుతున్నాయి. వీటిని అందించే సర్వరు మరమ్మతు కొరకు గాని, విద్యుత్ అంతరాయం వలన గాని నిలిచిపోయినప్పుడు ఆ సంగతి వినియోగదారునికి తెలియకపోతే, అతడు పాత సలహానే కొత్తదిగా భావించి సేద్య నిర్ణయం తీసుకొనే ప్రమాదం ఉన్నది. సర్వరు నిలుపుదలను ఎప్పుడు, ఏ మార్గంలో, ఏ మాటలతో తెలియజేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. నిలిచిన సర్వరు తన నిలుపుదలను తాను ప్రకటించలేదు. కనుక ప్రకటనకు కావలసిన ఏర్పాట్లు ముందుగానే, ఆ సర్వరుకు వెలుపల చేసి ఉంచాలన్నది ఇందలి ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: వెబ్ సర్వరు, అంతరాయ ప్రకటన, వ్యవసాయ వాతావరణ సలహా, చెల్లుబాటు గడువు, 503 సంకేతం

1. పరిచయం

భారత వాతావరణ శాఖ వ్యవసాయ విశ్వవిద్యాలయాల సహకారంతో నిర్వహిస్తున్న గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద ప్రతి మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ సలహా పత్రాలు వెలువడతాయి. రాబోయే అయిదు రోజుల వర్షపాతం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం మొదలైన అంశాల ఆధారంగా పంటలవారీగా చేయవలసిన పనులను అందులో సూచిస్తారు. విత్తడం, ఎరువు చల్లడం, మందు పిచికారీ, కోత వంటి పనులన్నీ ఒకటి రెండు రోజుల తేడాతో లాభనష్టాలను తారుమారు చేసేవే. అందుచేత సలహా ఎంత సరైనదన్న ప్రశ్నతో పాటు, అది సకాలంలో చేరిందా, చేరకపోతే చేరలేదన్న సంగతైనా రైతుకు తెలిసిందా అన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యం.

ఈ రెండవ ప్రశ్న ప్రాధాన్యాన్ని నేను అనుభవం మీద తెలుసుకొన్నాను. కొన్నేళ్ళ క్రితం ఒక ఖరీఫ్‌లో నేను సలహా పత్రాల బాధ్యత చూస్తున్న కేంద్రంలో విద్యుత్ గది మరమ్మతు కొరకు గురువారం సాయంత్రం సర్వరును ఆపివేశారు. శుక్రవారం తయారైన పత్రంలో రెండు రోజులలో ఓ మోస్తరు వర్షం కురుస్తుందనీ, పిచికారీలు వాయిదా వేయాలనీ రాశాము. ఆ పత్రం వెబ్‌సైటులోకి ఎక్కనే లేదు. శనివారం ఉదయం ఒక పత్తి రైతు తన ఫోనులో మా పుటను తెరవగా, ఫోను దాచుకొని ఉన్న మంగళవారం నాటి పుట కనిపించింది. అందులో పొడి వాతావరణం అని ఉన్నది. ఆయన మందు కొట్టించారు. సాయంత్రానికి వాన వచ్చి మందంతా కొట్టుకుపోయింది. సోమవారం ఫోను పట్టుకొని మా కేంద్రానికి వచ్చి, “సార్, మీరు పెట్టిన దాన్నే చూసి కొట్టించాను, చూడండి” అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. మందు ఖర్చు, కూలీ ఖర్చు రెండూ ఆయనవి. మౌనం మాత్రం మాది.

ఆనాడు మా సూచన తప్పలేదు, సర్వరు కూడా చెడిపోలేదు. దానిని తెలిసే ఆపాము. లోపించినది ఒక్క ప్రకటన మాత్రమే.

2. సర్వరు ఆగినప్పుడు వినియోగదారునికి కనిపించేది

పాతకాలపు బహుళ వినియోగ కంప్యూటర్లలో అందరూ తీగల ద్వారా ఒకే యంత్రానికి నిరంతరం అనుసంధానమై ఉండేవారు. యంత్రాన్ని ఆపదలచిన నిర్వాహకుడు ఆదేశం ఇవ్వగానే “పదిహేను నిమిషాలలో యంత్రం ఆగుతుంది, మీ పని భద్రపరచుకోండి” అన్న సందేశం ప్రతి తెరపై ప్రత్యక్షమయ్యేది. నేటి లైనక్స్ సర్వర్లలో కూడా ‘షట్‌డౌన్’ ఆదేశానికి ఈ గుణం ఉన్నది. అయితే ఆ సందేశం సర్వరులోకి నేరుగా ప్రవేశించి పనిచేస్తున్న సాంకేతిక సిబ్బందికి మాత్రమే చేరుతుంది. వెబ్‌సైటు చూసే రైతుకు చేరదు.

ఇందుకు కారణం వెబ్ పనిచేసే తీరులోనే ఉన్నది. వెబ్ సంభాషణ ప్రశ్న–జవాబు పద్ధతిలో సాగుతుంది. వినియోగదారుని ఫోను ఒక పుటను అడుగుతుంది, సర్వరు ఇస్తుంది, అంతటితో ఆ సంభాషణ ముగుస్తుంది. మరల ఎవరు, ఎప్పుడు అడుగుతారో సర్వరుకు తెలియదు. అడగనివారికి అది తనంతట తాను కబురు చెప్పజాలదు. అందువలన సర్వరు ఆగినప్పుడు చూసేవారికి ఈ క్రింది నాలుగు స్థితులలో ఏదో ఒకటి ఎదురవుతుంది.

మొదటిది, యంత్రం నడుస్తూ వెబ్ సేవ మాత్రమే ఆగి ఉంటే, అనుసంధానం తిరస్కరించబడినదన్న పొడి సందేశం వెంటనే వస్తుంది. రెండవది, యంత్రమే ఆగి ఉంటే ఫోను జవాబు కొరకు చాలాసేపు ఎదురుచూసి చివరకు విఫలమవుతుంది. గ్రామంలో సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది కనుక రైతు తన ఫోనునో, నెట్‌వర్క్‌నో తప్పుపడతాడు. మూడవది, పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ వ్యవస్థ కూడా అదే యంత్రంపై ఆధారపడి ఉంటే, అసలు అటువంటి వెబ్‌సైటే లేదన్నట్లు కనిపిస్తుంది. నాలుగవది, ఫోను గాని, మధ్యనున్న మరొక వ్యవస్థ గాని దాచి ఉంచిన పాత పుట యథాతథంగా తెరుచుకొంటుంది.

మొదటి మూడింటిలో రైతుకు కనీసం సమాచారం అందలేదన్న సంగతి తెలుస్తుంది. నాల్గవ స్థితిలో అదీ తెలియదు. కనుక వ్యవసాయ సలహాల విషయంలో అత్యంత ప్రమాదకరమైనది ఈ నాల్గవదే.

3. కాలువల మూసివేత నేర్పే పాఠం

అంతరాయాన్ని ముందుగా ప్రకటించడం మన వ్యవసాయానికి కొత్త కాదు. గోదావరి డెల్టాలో రబీ వరికి చివరి తడులు పూర్తయిన తరువాత, వేసవిలో కాలువలు కట్టివేసి పూడికతీత, గట్ల మరమ్మతు, తూముల పనులు చేపట్టడం పరిపాటి. నీరు ఎప్పుడు ఆపుతారో ఆ తేదీని ముందే ప్రకటిస్తారు. ఆ తేదీని బట్టి రైతు తన పంట కాలాన్ని లెక్క వేసుకొంటాడు. పంచాయతీలు మంచినీటి చెరువులను నింపుకొంటాయి. మరల నీరు వదిలే తేదీని బట్టి ఖరీఫ్ నారుమళ్ళకు సిద్ధపడతారు.

ఇందులో గమనించదగిన అంశాలు మూడు. ఆపే తేదీతో పాటు తిరిగి వదిలే తేదీ కూడా చెప్పడం మొదటిది. నీరు లేని కాలంలో అవసరానికి చెరువు నింపుకొనే వ్యవధి ఇవ్వడం రెండవది. కాలువ నీటితో నిమిత్తం లేని మార్గంలో, అనగా చాటింపు, పత్రికా ప్రకటన, గ్రామ సిబ్బంది ద్వారా కబురు పంపడం మూడవది. సర్వరు నిలుపుదలకు కావలసిన సూత్రాలు కూడా సరిగ్గా ఇవే.

4. ప్రకటన మార్గం సర్వరుకు వెలుపల ఉండవలెను

ఈ మూడింటిలో మూడవ సూత్రాన్ని పెద్ద సంస్థలు సైతం విస్మరించిన సందర్భాలు ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థకు చెందిన ఎస్3 నిల్వ సేవ అమెరికాలోని ఉత్తర వర్జీనియా ప్రాంతంలో కొన్ని గంటలపాటు స్తంభించింది. ఒక ఆదేశంలో దొర్లిన పొరపాటు వలన, తొలగించదలచిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోవడం ఇందుకు కారణం. సేవల స్థితిని ప్రజలకు చూపవలసిన పుటను మార్చే యంత్రాంగం కూడా అదే ఎస్3 పై ఆధారపడి ఉన్నందున, సుమారు రెండు గంటలపాటు ఆ పుటలో సేవల స్థితిని సరిదిద్దలేకపోయారు. చివరకు ట్విట్టర్ ద్వారా కబురు చెప్పవలసి వచ్చింది.

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ సేవలన్నీ సుమారు ఆరు గంటలపాటు ఆగిపోయాయి. నిర్వహణ పనులలో ఇచ్చిన ఒక ఆదేశం ఆ సంస్థ అంతర్గత నెట్‌వర్క్‌ను తెంచివేయగా, దాని డీఎన్‌ఎస్ సర్వర్లు ప్రపంచానికి కనబడకుండా పోయాయి. వాట్సాప్ కూడా అదే సంస్థది కావడం వలన, మన కాలమానం ప్రకారం రాత్రి 9 గంటల ప్రాంతం నుండి తెల్లవారుజాము వరకు వాట్సాప్ సందేశాలు కదలలేదు. కృషి విజ్ఞాన కేంద్రాలు, విస్తరణ సిబ్బంది నేడు అధికంగా వాట్సాప్ బృందాలనే నమ్ముకొని ఉన్నారు కనుక ఈ ఉదంతం మనకు దూరపుది కాదు. వెబ్‌సైటు ఆగితే వాట్సాప్, వాట్సాప్ ఆగితే ఎస్ఎంఎస్, ఏదీ లేకపోతే ఫోను సంభాషణ — ఇలా ఒకదానిపై ఒకటి ఆధారపడని మార్గాలు కనీసం రెండు ఉండవలెను.

ఆచరణలో ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ప్రధాన సర్వరు ఉన్న భవనంలో కాక, వేరొక చోట, వేరొక విద్యుత్ సరఫరాపై నడిచే ఒక చిన్న పుటను స్థితి పుటగా సిద్ధం చేసుకొనవచ్చు. అందులో చిత్రాలు, కదిలే అక్షరాలు అక్కరలేదు. బలహీనమైన సిగ్నల్ మీద కూడా తెరుచుకొనే పది పంక్తుల తెలుగు పాఠ్యం చాలు. వెబ్‌సైటు పేరును అవసరమైనప్పుడు ఈ పుట వైపు మళ్ళించవలెనంటే డీఎన్‌ఎస్‌లోని నిల్వ వ్యవధిని గమనించాలి. అది 86,400 సెకన్లు, అనగా ఒక రోజు అని ఉంటే, మార్పు అందరికీ చేరడానికి ఒక రోజు పట్టవచ్చు. నిలుపుదలకు ఒకటి రెండు రోజుల ముందే దానిని 300 సెకన్లకు తగ్గించి ఉంచితే మళ్ళింపు నిమిషాలలో జరుగుతుంది. ప్రధాన సర్వరుకు ముందు మధ్యవర్తి సర్వరు ఉన్న చోట, ఈ పుటను ఆ మధ్యవర్తియే చూపగలదు.

5. ముందుగా తెలిసిన నిలుపుదల

5.1 సమయం ఎంపిక: నగరాలలోని సంస్థలు మరమ్మతులకు సాధారణంగా అర్ధరాత్రిని ఎంచుకొంటాయి. వ్యవసాయ వెబ్‌సైట్లకు ఇది అన్ని వేళలా సరిపడదు. రాత్రి మొదలైన పని అనుకొన్న దానికంటే ఆలస్యమైతే తెల్లవారుజాముకు సాగుతుంది. రైతు పొలానికి వెళ్ళే ముందు వాతావరణం చూసుకొనేది అప్పుడే. పైగా కిసాన్ కాల్ సెంటర్ ఉదయం 6 నుండి రాత్రి 10 గంటల వరకు మాత్రమే పనిచేస్తుంది కనుక రాత్రి వేళ ప్రత్యామ్నాయ సలహా దొరకదు. మంగళ, శుక్రవారాలను విడిచి, బుధవారం లేదా గురువారం మధ్యాహ్నం మేలు. సర్వరు నమోదు చేసే సందర్శనల పట్టికను పరిశీలిస్తే ఏ గంటలో తాకిడి తక్కువో తేలుతుంది. విత్తే అదను, తుఫాను హెచ్చరిక అమలులో ఉన్న రోజులు, ధాన్యం కళ్ళాల్లో ఉన్న కాలం వీలైనంతవరకు వర్జించాలి.

5.2 ప్రకటన క్రమం: వారం ముందు వెబ్‌సైటు పైభాగంలో ఒక పట్టీగా ప్రకటనను ఉంచాలి. ముందురోజు, నమోదైన ఫోను నంబర్లకు ఎస్ఎంఎస్ పంపాలి. చదవలేనివారి కొరకు రికార్డు చేసిన మాట పంపే సదుపాయం ఉంటే దానిని వినియోగించుకోవాలి. గంట ముందు మరొకసారి పట్టీని ప్రస్ఫుటంగా చూపాలి. సేవ పునఃప్రారంభమైన తరువాత ఆ సంగతిని కూడా తెలియజేయాలి. చాలామంది ఈ చివరి మెట్టును మరచిపోతారు.

5.3 ప్రకటనలోని మాటలు: “సాంకేతిక కారణాల వలన అసౌకర్యానికి చింతిస్తున్నాము” అన్న వాక్యం రైతుకు ఏ విధంగానూ ఉపయోగపడదు. ప్రకటనలో ఏది ఆగుతుంది, ఎప్పటి నుండి ఎప్పటి వరకు, అంతవరకు ఏ సలహా చెల్లుతుంది, అవసరమైతే ఎవరిని అడగాలి అన్న నాలుగు సంగతులు ఉండాలి. ఒక నమూనా:

“ఈ వెబ్‌సైటు బుధవారం మధ్యాహ్నం 12 నుండి సాయంత్రం 4 గంటల వరకు మరమ్మతు నిమిత్తం పనిచేయదు. మంగళవారం వెలువడిన సలహా పత్రం శుక్రవారం కొత్త పత్రం వచ్చే వరకు చెల్లుతుంది. దానిని ఇప్పుడే ఫోనులో భద్రపరచుకోండి. ఈలోగా సలహా కావలసినవారు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కు ఉచితంగా ఫోను చేయవచ్చు. సేవ తిరిగి మొదలైన వెంటనే ఎస్ఎంఎస్ ద్వారా తెలియజేస్తాము.”

5.4 ఆపే పద్ధతి: పంట తెగులు ఫోటోను పంపుతున్న రైతు, విత్తనాల కొరకు వివరాలు నింపుతున్న రైతు ఆ క్షణంలో కూడా ఉండవచ్చు. తూమును ఒక్కసారిగా దించక, కొత్త నీటిని ఆపి, కాలువలో ఉన్న నీటిని పారనిచ్చినట్లే, సర్వరు కూడా కొత్త అభ్యర్థనలను స్వీకరించడం మాని, చేతిలో ఉన్నవాటిని పూర్తిచేసి ఆగవలెను. అపాచీ, ఎన్‌జింక్స్ వంటి ప్రసిద్ధ వెబ్ సర్వర్లలో ఇలా మృదువుగా ఆపే ఆదేశాలు వేరుగా ఉన్నాయి. సిబ్బంది వాటినే వాడునట్లు చూడాలి.

6. యంత్రాలకు చెప్పవలసిన మాట

వెబ్‌సైటును చూసేది మనుషులు మాత్రమే కాదు. సలహాలను తీసుకొని చూపే మొబైల్ యాప్‌లు, గ్రామాలలోని ప్రదర్శన తెరలు, శోధన యంత్రాలు కూడా చూస్తాయి. అవి తెలుగు వాక్యాన్ని చదివి అర్థం చేసుకోలేవు. సర్వరు జవాబుతో పాటు పంపే మూడంకెల సంకేతాన్ని చూస్తాయి. 200 అంటే అడిగినది సవ్యంగా ఇచ్చానని అర్థం. 503 అంటే సేవ తాత్కాలికంగా అందుబాటులో లేదని అర్థం. దానితో పాటు ‘రీట్రై-ఆఫ్టర్’ అనే పంక్తిలో ఎన్ని సెకన్ల తరువాత గాని, ఏ తేదీ, ఏ సమయం తరువాత గాని మరల రావచ్చో చెప్పవచ్చు. 2022 జూన్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9110 అనే ప్రామాణిక పత్రంలో ఇవి నిర్వచించబడి ఉన్నాయి.

తరచుగా జరిగే పొరపాటు ఏమనగా, మరమ్మతు ప్రకటన పుటను 200 సంకేతంతోనే పంపడం. అప్పుడు యాప్ ఆ ప్రకటననే సలహా పత్రంగా భావించి పాత పత్రం స్థానంలో దాచుకొంటుంది. శోధన యంత్రం వెబ్‌సైటు విషయమే మారిపోయిందని నమోదు చేసుకొంటుంది. కనుక ప్రకటన పుటను 503 సంకేతంతోనూ, దాచుకొనరాదన్న సూచనతోనూ పంపాలి. అయితే 503 తాత్కాలిక నిలుపుదలకు మాత్రమే. అది రోజుల తరబడి కొనసాగితే శోధన యంత్రాలు ఆ పుటలను తమ పట్టికల నుండి తొలగించే అవకాశం ఉన్నది.

7. ఆకస్మిక నిలుపుదల

పిడుగుపాటు, విద్యుత్ అంతరాయం, డిస్కు వైఫల్యం ముందుగా చెప్పి రావు. అయినా కొంత వ్యవధి సంపాదించుకోవచ్చు. యూపీఎస్‌ను సర్వరుకు సంకేత తీగతో కలిపితే, విద్యుత్ పోయిన క్షణమే ఆ సంగతి సర్వరుకు తెలుస్తుంది. బ్యాటరీ నిలిచే ఆ కొద్ది నిమిషాలలో పేరును స్థితి పుట వైపు మళ్ళించి, సర్వరును మృదువుగా ఆపే ఏర్పాటు ముందుగానే చేసి ఉంచవచ్చు. ఇక వేరొక చోటి నుండి ప్రతి అయిదు నిమిషాలకు వెబ్‌సైటును పలకరించి, జవాబు రానిచో బాధ్యుని ఫోనుకు కబురు పంపే పరిశీలక వ్యవస్థ తప్పనిసరి. మన సర్వరు ఆగిన సంగతిని రైతు ఫోను చేసి చెప్పే వరకు మనకు తెలియకపోవడం సమర్థనీయం కాదు.

సంవత్సరానికి 8,760 గంటలు. సర్వరు 99 శాతం కాలం పనిచేసినదని నివేదికలో రాస్తే మంచిదిగానే కనిపిస్తుంది. కాని మిగిలిన ఒక్క శాతం 87.6 గంటలు, అనగా మూడున్నర రోజుల పైమాటే. ఆ మూడున్నర రోజులు తొలకరి విత్తనపు అదనులో వస్తే, 99 శాతం అన్న అంకె రైతుకు అర్థరహితం.

8. సలహా పత్రంపైనే గడువు

ఎన్ని ఏర్పాట్లు చేసినా కొన్ని ఫోన్లలో పాత పుట మిగిలే ఉంటుంది. దానిని మనం వెనుకకు తీసుకోలేము. కాబట్టి చివరి రక్షణ పత్రంలోనే ఉండాలి. విత్తన సంచిపై చెల్లుబాటు తేదీ లేకుండా మనం విత్తనం కొనవద్దంటాము. సలహా పత్రానికి కూడా అదే నియమం వర్తించాలి. “ఈ సలహా శుక్రవారం సాయంత్రం వరకు మాత్రమే చెల్లుతుంది, ఆ తరువాత కొత్త పత్రం కనిపించనిచో దీనిని అనుసరించవద్దు, ఫోను చేసి అడగండి” అన్న వాక్యం పత్రం పైభాగాన పెద్ద అక్షరాలలో ఉండాలి. యాప్ అయితే గడువు తీరిన సలహాను తనంతట తానే మసకబరచి చూపవచ్చు. సర్వరు పూర్తిగా ఆగినా ఈ ఏర్పాటు పనిచేస్తుంది, ఎందుకంటే హెచ్చరిక అప్పటికే రైతు చేతిలో ఉన్నది.

9. శాశ్వత నిలుపుదల

పరిశోధనా ప్రాజెక్టుల కింద ఏర్పడిన వెబ్‌సైట్లు ప్రాజెక్టు కాలం ముగియగానే చడీచప్పుడు లేకుండా అదృశ్యమవుతుంటాయి. వాటితో పాటు ప్రయోగ ఫలితాలు, రకాల వివరాలు, రైతులు అడిగిన ప్రశ్నలు పోతాయి. గూగుల్ సంస్థ తన ‘రీడర్’ సేవను మూసివేయదలచినప్పుడు 2013 మార్చి 13న ప్రకటించి, జులై 1న మూసివేసింది. మధ్యనున్న మూడున్నర నెలలలో వినియోగదారులు తమ సమాచారాన్ని తీసుకొనిపోయే వీలు కల్పించింది. మన వెబ్‌సైట్లకు కనీసం ఒక పంటకాలం వ్యవధి ఇవ్వడం న్యాయం. సమాచారాన్ని విశ్వవిద్యాలయ ప్రధాన వెబ్‌సైటుకు తరలించినచో 301 సంకేతంతో కొత్త చిరునామాకు మళ్ళించాలి. తరలించనిచో, ఇక లేదని తెలిపే 410 సంకేతంతో పాటు, ఎక్కడ విచారించాలో చెప్పే చిన్న పుటను ఉంచాలి.

10. ముగింపు

సర్వరు నిలిచిపోవడం తప్పు కాదు. కాలువలకు వలె దానికీ మరమ్మతు అవసరం. చెప్పకుండా నిలిచిపోవడం మాత్రం తప్పు. సలహా కేంద్రాల బాధ్యులు ముందుగా చేయదగిన పనులు మూడు: ప్రతి పత్రంపై గడువు ముద్రించడం, వేరొక చోట స్థితి పుటను సిద్ధంగా ఉంచడం, నిలుపుదలను ఎవరు ప్రకటించాలో ఒక ఉద్యోగి పేరుతో రాతపూర్వకంగా నిర్ణయించడం. వీటిలో మొదటిదానికి పైసా ఖర్చు లేదు. రేపటి పత్రం నుండే మొదలుపెట్టవచ్చు.

పై ఘటన తరువాత మేము వెలువరించిన ప్రతి పత్రంపై గడువు తేదీని ఎర్ర అక్షరాలలో ముద్రిస్తూ వచ్చాము. ఆ పత్తి రైతు తరువాతి ఖరీఫ్‌లో ఒక శుక్రవారం సాయంత్రం ఫోను చేసి, “గడువు అయిపోయింది, కొత్తది కనపడటం లేదు, రేపు కొట్టమంటారా, ఆగమంటారా?” అని అడిగారు. ఆ రోజు కూడా సర్వరు ఆగే ఉన్నది. ఆగమని చెప్పాను.